గోదావరి గదిలో కట్టిన నోరు

సోమవారం, పదకొండూ యాభై. నాలుగింటికి వీరబాబుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరవాత వాడు ఇంటికి రావడమనేది వాళ్ళమ్మ అప్పాయమ్మ చేతిలో ఉండదు, డిటెక్టివ్ రామలక్ష్మి చేతిలో అసలే ఉండదు. ఇప్పటికి ఉన్నవి నాలుగు గంటల పది నిమిషాలు.

రామలక్ష్మి ఇరవై రెండేళ్ళు రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. అవతలివాళ్ళు హలో అంటే చాలు, పొద్దున్న ఏం టిఫిను తిన్నారో చెప్పేసేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువ. పెసరట్టయితే చెప్పేది గాని ఇడ్లీ అయితే తడబడేది. ఉద్యోగం మానేశాక పెళ్ళి సంబంధాలకి వాకబు చేసి పెట్టే డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకేమైనా మాట అయిందా, ఇవీ ఆమె కేసులు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే అప్పాయమ్మ నిన్న సాయంత్రం వచ్చి, "మా వోడు రాజుగారిని కొట్టలేదండి, కొడితే నాకు చెప్పేవోడండి" అని గుమ్మంలో కూలబడితే, ఆ రెండో ముక్క నచ్చి కేసు తీసుకుంది.

లాకప్పు ఊచల అవతల వీరబాబు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇరవై మూడేళ్ళవాడు. రొయ్యల చెరువుల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే రోజున వల లాగడం వాడి పని, మిగతా రోజుల్లో చదరంగం వాడి పిచ్చి.

"ఆ బెదిరింపు నువ్వు రాశావా, బాబూ?"

"లేదండి. దుర్గాప్రసాదరాజు గారు నాకు గురువు గారండి. ఎత్తులన్నీ ఆయనే నేర్పారండి. ఆయన చెయ్యి పడిపోతే నాతో ఎవరాడతారండి?"

"నిన్న కంప్యూటరు ముందు ఎన్నింటికి కూర్చున్నావు?"

"ఏడింటికండి. నెట్ సెంటరు తలుపులు తీస్తుండగానే దూరిపోయానండి."

"లేచింది?"

"ఏడూ ఇరవైకండి. ఇంటర్నెట్టు చదరంగంలో మా గోదావరి గదిలో కడియం నర్సరీ సత్తిరాజు గారు ఆడుతున్నారండి. మీ గుర్రం పోతోంది చూసుకోండి, అని రాశానండి. మళ్ళీ రాశానండి. ఇంకో రెండు సార్లు కూడా రాశానండి. గదిలో అంతమంది ఉండి ఒక్కరు పలకలేదండి. నేనేదో అంటరానోడినైనట్టు. ఒళ్ళు మండి లేచిపోయి రేవు కాడ కూర్చున్నానండి."

"నీతో రేవులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి." వాడు తల వంచుకున్నాడు. "ఒక్కణ్ణే ఏడ్చుకున్నానండి."

"నీ పేరుతో గదిలోకి వెళ్ళాలంటే రహస్యపు మాట కొట్టాలి కదా. అదెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదండి. కాకపోతే ఆదివారం సాయంత్రాలు రాజుగారి మకాంలో ఆడతానండి. ఆ కంప్యూటరుకి నా పేరు అలవాటైపోయిందండి. అడక్కుండానే తెరుచుకుంటుందండి."

రామలక్ష్మి పక్కగదిలోకి నడిచింది.

ఎస్సై పెద్దిరాజు మీసం డ్యూటీకి ఆయన కంటే పది నిమిషాలు ముందొస్తుందనీ, సెలవు కూడా విడిగా పెట్టుకుంటుందనీ కానిస్టేబుళ్ళు అంటారు. ఆ మీసం ఇప్పుడు ఫైలు మీదికి వంగి ఉంది.

"ఏం మేడం, అబ్బాయి గుణగణాలు కనుక్కున్నారా? సంబంధం కుదిర్చేద్దామా?"

"ఆ కాయితం ఒకసారి చూపిస్తారాండి?"

"చూడండి. చూస్తే అరగదు."

పక్కల చిల్లులున్న బారు కాయితంలోంచి చింపిన సగం ముక్క. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. పైన రెండు మూడు పలకరింపులు, చివర ఏడూ ముప్ఫై నాలుగు అని టైము, వీరబాబు ఆట పేరు, దాని పక్కన ఒక్క వాక్యం: రాజుగారూ, రేపటి నుంచి ఆ చేత్తో బంటుని కూడా జరపలేరు.

"ఎనిమిదింటికి కూలీ వచ్చి చూస్తే రాజుగారు తూము పక్కన, సగం గట్టు మీద సగం నీళ్ళలో ఉన్నారు. తల వెనకాల పగిలింది. ఇరవై ఆరు నిమిషాల ముందు వీడు రాశాడు. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు పెద్దిరాజు.

"నెట్ సెంటరు ఆయన ఏడూ ఇరవైకే వెళ్ళిపోయాడంటున్నాడు కదండి."

"వాడి స్నేహితుడు అనక ఇంకేమంటాడు?"

"ఈ కాయితం ఎవరిచ్చారండి?"

"రాజుగారి అన్నకొడుకు సందీప్. పాలకొల్లులో తనింట్లో కూర్చుని అదే గదిలో ఉన్నాడట. కళ్ళారా చూసి ప్రింటు తీశాడు. చదువుకున్నవాడు, మీకూ నాకూ వచ్చే ఆలోచన కాదది."

"ఆ గదిలో నిన్న పొద్దున పదకొండు మంది ఉన్నారటండి. మిగతా పదిమందిని అడిగారా?"

"అమ్మా, ఇది హత్యాయత్నం. పెళ్ళివారి విడిది కాదు, ఒక్కొక్కరినీ మర్యాదగా పలకరించడానికి." ఫైలు మూశాడు. "మూడున్నరకి వ్యాను బయల్దేరుతుంది."

రాజులమెరకలో చెరువుల గట్టు మీద రాజుగారి మకాం అంటే రెండు గదుల రేకుల షెడ్డు. ఒక గదిలో మేత బస్తాలు, ఒక గదిలో కంప్యూటరు, ప్రింటరు, ఫోను. రాజుగారి కూతురు సుప్రజ తలుపు తీసింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నిన్నటి నుంచీ నిద్ర లేని కళ్ళు. ఆ అమ్మాయి వెనకాలే సందీప్ ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ముప్ఫై లోపు వయసు, శ్రావణంలో పెళ్ళి.

"వీరబాబు తరఫునా మేడం? పర్లేదు, అడగండి. మా బాబాయి వాడికి అన్నం పెట్టారు, ఆట నేర్పారు. వాడు చేసిందిది."

"నిన్న పొద్దున మీరు ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. ఏడుంబావు నుంచీ ఎనిమిది దాకా గదిలోనే ఉన్నాను. ఎవరిదో ఆట చూస్తున్నాను."

"ఎవరిది?"

"గుర్తులేదండి. చూస్తుంటే ఆ లైను వచ్చింది. గుండె ఝల్లుమంది. వెంటనే ప్రింటు కొట్టాను."

"మిగతావాళ్ళెవరూ ఏమీ అనలేదా?"

"భయపడి ఉంటారు. మన గోదావరి వాళ్ళు తెలుసుగా మేడం, తగువంటే తలుపేసుకుంటారు."

"వెంటనే బాబాయిగారికి ఫోను చెయ్యలేదేం?"

సందీప్ చొక్కా చేతులు సర్దుకున్నాడు. "చేశాను. ఎంగేజ్ వచ్చింది." తరవాత చేతి గడియారం చూసుకున్నాడు. "పిన్ని ఒక్కత్తే ఆస్పత్రిలో ఉంది. నేను వెళ్ళాలి. సుప్రజా, మేడం అడిగింది చెప్పు."

పన్నెండూ యాభైకి వాడి మోటారుసైకిలు గట్టు దిగి భీమవరం దారి పట్టింది.

రామలక్ష్మి కుర్చీలో కూర్చోలేదు. గోడకి అంటించిన కాయితం ముందు నిలబడింది. రాజుగారి ముత్యాల్లాంటి దస్తూరీ. పైన గోదావరి గది మర్యాదలు అని రాసుంది. ఆట మధ్యలో ఆడేవారిని పలకరించరాదు. ఒకరి ఆటకి ఇంకొకరు ఎత్తులు చెప్పరాదు. ఓడినవారు ముందుగా నమస్కారం పెట్టవలెను, గెలిచినవారు వెంటనే అందుకొనవలెను. వయసు తెలియకపోయినా గారు తప్పదు. ఆడపిల్లలకు చాటుమాటు సందేశాలు పంపిన వారికి గదిలో చోటు లేదు. చివరిది ఎర్ర సిరాతో ఉంది: నోరు కట్టిన సంగతి నలుగురిలో చెప్పరాదు, కట్టించుకున్నవారికి సైతం తెలియనివ్వరాదు.

"నోరు కట్టడమంటే ఏంటమ్మా?"

"ఎవరైనా మాట వినకపోతే మోడరేటరు వాళ్ళ మాటలు ఆపేస్తారండి. గంటో, పూటో. ఈ గదికి నాన్నగారొక్కరే మోడరేటరు. మిగతా గదుల్లో అయితే ఫలానావాడి నోరు మూయించాం అని అందరికీ చాటిస్తారు. నాన్నగారు ఒప్పుకోరు. నలుగురిలో పరువు తీసే హక్కు మనకెక్కడిది అంటారు."

"మరి కట్టించుకున్నవాడికి తెలియకుండా ఎలా?"

సుప్రజ ముఖంలో నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "సైటులో అలాంటి వీలుందండి. ఓసారి నా మీదే చేసి చూపించారు. నేను రాసింది నా కంప్యూటరులో నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకెవరికీ కనపడలేదు. అరగంట నాలో నేనే మాట్లాడుకున్నాను. అందరూ నా మీద కోపంగా ఉన్నారేమో అనుకున్నాను. తరవాత చెప్పి, ఎవరితోనూ అనకమ్మా, మర్యాద పోతుంది అన్నారు. ఎవరితోనూ అనలేదండి. అన్నయ్యతో కూడా."

రామలక్ష్మి నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. నాలుగుసార్లు రాస్తే ఒక్కరు పలకలేదండి, అన్న వీరబాబు గొంతు ఇప్పుడు వేరేగా వినిపించింది.

"నిన్న నువ్వెక్కడున్నావమ్మా?"

"ఊళ్ళో ఇంట్లోనే. టిఫిను పంపనా అని ఏడున్నరకి ఇక్కడికి ఫోను చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. ఇంటర్నెట్టులో ఉంటే లైను కలవదు కదా, నాన్నగారు ఆటలో ఉన్నారనుకున్నాను. ఏడూ నలభైకి రింగయింది. ఎవరూ తియ్యలేదు."

"రాజుగారు చెరువు లెక్కలు రాసే పుస్తకం ఏది?"

"రొయ్యల పుస్తకం అండీ? ఎస్సైగారు నిన్న తిరగేసి పక్కన పడేశారు."

అట్ట ఊడిన బారు పుస్తకం. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళేన్ని చెక్ ట్రే అంటారు. రాజుగారు దాన్ని ఎప్పుడు తీశారో నిమిషాలతో సహా కుడి పేజీలో రాస్తారు. రాజుగారు గడియారం చూసి ట్రే తీస్తారనుకునేరు, కాదు, ఆయన ట్రే తీస్తే రాజులమెరక గడియారాలు ఉలిక్కిపడి ముళ్ళు సర్దుకుంటాయి. పదకొండేళ్ళుగా ఒక్క గడీ ఖాళీ లేదు. నిన్నటి పేజీలో ఆరున్నరకి ట్రే ఉంది. ఏడింటికి ఉంది. ఏడున్నర గడి ఖాళీ.

ఎడమ పేజీ చదరంగానికి. అక్కడ నిన్నటి తేదీ కింద రెండు వాక్యాలు. రామలక్ష్మి రెండూ చదివింది. మళ్ళీ చదివింది. పుస్తకం మూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఫోను అందుకుంది.

మొదట కడియం.

"సత్తిరాజు గారాండి? నిన్న పొద్దున మీ ఆటలో గుర్రం గురించి వీరబాబు ఎన్నిసార్లు చెప్పాడండి?"

"ఒక్కసారేనండి. ఏడూ తొమ్మిదికో పదికో. తరవాత మాట్లాడలేదు, బుద్ధిమంతుడు. అబ్బాయి చెప్పినట్టే గుర్రం పోయిందండి. దాంతోపాటు నేనూ పోయాను."

"ఏడూ ముప్ఫై నాలుగుకి రాజుగారిని బెదిరిస్తూ ఏదో రాశాడటగా?"

"ఎవరు, వీరబాబా? నేను ఎనిమిది దాకా ఉన్నానండి. అలాంటిది కనపడితే నర్సరీ మొక్కలన్నీ లారీకెక్కించుకుని మరీ వచ్చి వాణ్ణి వాయించేవాణ్ణి కదండి."

తరవాత, అదే గదిలో ఆడే పిఠాపురం లెక్కల మాస్టారు. ఆయనా చూడలేదు. మూడో ఫోను పోలీసు స్టేషనుకి.

"పెద్దిరాజు గారూ, ఒకసారి రాజుగారి మకాంకి రండి. ఆ కాయితం తెండి."

"ఏం, సంబంధం తప్పిపోయిందా మేడం?"

"తప్పేట్టే ఉందండి. వ్యాను కదలకముందే రండి."

రెండింటికి జీపు గట్టెక్కింది. పెద్దిరాజు గుమ్మంలోనే నిలబడ్డాడు. "పది నిమిషాలు. మీకు కాదు, రాజుగారి అమ్మాయి మీద గౌరవానికి."

రామలక్ష్మి పుస్తకం తెరిచి, ఎడమ పేజీలో కింది వాక్యం మీద వేలు పెట్టింది. పెద్దిరాజు పైకి చదివాడు. "ఏడూ పది. వీరబాబు గారు సత్తిరాజు గారి ఆటలో ఎత్తు చెప్పినందున నోరు కట్టడమైనది. గంట." తలెత్తాడు. "అయితే?"

"అయితే ఏడూ పది నుంచి ఎనిమిదీ పది దాకా వీరబాబు పేరుతో ఏం రాసినా, ఆ రాసిన కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా కనపడదండి. సుప్రజని అడగండి, తన మీదే చేసి చూపించారు. కడియం ఆయన చూడలేదు, పిఠాపురం మాస్టారు చూడలేదు. పాలకొల్లులో కూర్చున్న సందీప్ ఎలా చూశాడు?"

"రాజుగారికి కనపడుతుందా?"

"ఆయన మోడరేటరు. ఆయనకి కనపడుతుంది. కాని ఏడున్నరకి ట్రే తియ్యలేదు, చూడండి. అప్పటికే పడిపోయారు. ఏడున్నర నుంచి ఏడూ నలభై దాకా ఇక్కడి ఫోను ఎంగేజ్. ఈ కుర్చీలో ఎవరో కూర్చున్నారు. ఆ మనిషి వీరబాబు పేరు నొక్కాడు, తెరుచుకుంది. ఆ వాక్యం రాశాడు, కనపడింది. లోకమంతా చూసిందనుకున్నాడు. ప్రింటు కొట్టాడు. ఎవరి నోరు ఎప్పుడు కట్టారో రాజుగారు చాటించేవారైతే, ఆ తప్పు చేసేవాడు కాదండి."

పెద్దిరాజు మీసం దువ్వుకున్నాడు. "కనపడని మాటలు, కట్టిన నోళ్ళు. ఇవన్నీ కోర్టులో చెప్తే జడ్జిగారు నా నోరు కడతారు. చేత్తో పట్టుకునేది ఏదైనా ఉంటే చూపించండి."

"ఆ ప్రింటరు ఆన్ చెయ్యమ్మా," అంది రామలక్ష్మి.

సుప్రజ పాత నీటి పరీక్ష రిపోర్టు ఒకటి ప్రింటు కొట్టింది. ప్రింటరు తుమ్మి, దగ్గి, మూలిగి, చిల్లుల కాయితాన్ని బయటికి కక్కింది. దాని లోపల సూదొకటి విరిగినట్టుంది, ప్రతి వరస మధ్యలోంచీ వెంట్రుకంత తెల్ల గీత పోతోంది. పెద్దిరాజు ఫైలులోంచి తన కాయితం తీశాడు. రెండూ కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాడు. బెదిరింపు మధ్యలోంచి అదే తెల్ల గీత, అదే ఎత్తులో. చింపిన అంచు కింద చిల్లులు కూడా అవే.

రెండు కాయితాలూ కలిపి ఫైలులో పెట్టుకున్నాడు.

"సందీప్ ఇంట్లో ప్రింటరు ఉందా అమ్మా?" అనడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

"ఉందండి. కొత్తది. రంగుల్లో వస్తుంది." సుప్రజ గోడకి ఆనుకుంది. "ఎందుకండి? అన్నయ్య నాన్నగారిని ఎందుకు..."

రామలక్ష్మి పుస్తకం ఆ అమ్మాయి చేతికిచ్చింది. "పై వాక్యం నువ్వు చదవమ్మా. మీ నాన్నగారి మాట నువ్వు చదవడమే సబబు."

సుప్రజ చదివింది. "ఆరూ నలభై. నరసాపురం కాలేజీ రాణి గారు పంపిన ఫిర్యాదు పూర్తిగా చదివితిని. ఆ పిల్లకు అంత నీచమైన సందేశాలు పంపుతున్నది ఎవరో తెలిసినది. మనింటి వాడే. ఫోను చేసి రమ్మంటిని. పెళ్ళివారికి నేనే చెప్పెదను." ఆఖరి ముక్క దగ్గర పుస్తకం మూసేసింది.

"మీ ఇంటి మగవాళ్ళు ఎంతమందమ్మా?" అన్నాడు పెద్దిరాజు.

"నాన్నగారూ, అన్నయ్యా. అంతేనండి."

పెద్దిరాజు ఫోను తీసి స్టేషనుకి కలిపాడు. "వ్యాను ఆపండి. వీరబాబుకి అన్నం పెట్టండి. ఏం, పెట్టలేదా? ముందు పెట్టండి." ఫోను పెట్టేసి రామలక్ష్మి కేసి తిరిగాడు. "ఒక్క సంగతి మాత్రం మీరు చెప్పలేరు మేడం. కొట్టడం ఎవరూ చూడలేదు. వాడు కాదంటాడు. రాజుగారు లేచి చెప్తే తప్ప..."

బయట ఆటో ఆగింది. రాజుగారి భార్య సూర్యావతి దిగింది. నలిగిన చీర, చేతిలో ఖాళీ మందుల సంచీ. కూతుర్ని చూస్తూనే ఆవిడ ముఖం విచ్చుకుంది.

"సుప్రజా, మీ నాన్నగారు కళ్ళు తెరిచారే. పేరు పెట్టి పిలిస్తే నాకేసి చూశారు. సాయంత్రానికి మాట వస్తుందన్నారు డాక్టరుగారు. నీకు చెప్దామని ఇటే వచ్చేశాను."

"అక్కడ ఎవరున్నారండి?" అంది రామలక్ష్మి.

"సందీప్ ఉన్నాడుగా. వాడికే ముందు చెప్పాను ఈ మాట. నువ్వు ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తినిరా పిన్నీ, బాబాయిని నేను చూసుకుంటానన్నాడు. బంగారం లాంటి పిల్లాడు." ఆవిడ ఒక్కొక్కరి ముఖమే చూసింది. "ఏంటి, అందరూ అలా ఉన్నారు?"

రెండూ ఇరవై. భీమవరం అరగంట దారి.

రామలక్ష్మి ఇరవై రెండేళ్ళలో ఎన్ని లక్షల నంబర్లు తిప్పిందో, ఈ ఒక్క నంబరు మాత్రం సూర్యావతిని రెండుసార్లు అడిగి తిప్పింది. నాలుగో రింగుకి ఆస్పత్రిలో నర్సు తీసింది.

"దుర్గాప్రసాదరాజు గారి గదిలోకి వెళ్ళండమ్మా. ఇప్పుడే. ఎవర్నైనా వెంటబెట్టుకుని వెళ్ళండి."

"వెళ్ళడానికి లేదండి. తలుపు లోపల్నించి గడియ పెట్టుంది. ఆయనకి నిద్ర పడుతోంది, ఎవర్నీ రానివ్వొద్దని వాళ్ళబ్బాయి చెప్పారండి."

"ఎంతసేపైంది?"

"అరగంట పైనేనండి. ఇందాక ఓసారి లోపల్నించి పేషెంటు నొక్కే బెల్లు మోగిందండి. వెళ్ళేలోపు ఆగిపోయింది."